కైలాసం పేర రెండు కాగితాలు

ఆసిఫాబాద్,
12 జనవరి 1957

చెల్లె బాలలక్ష్మికి,

నీ అన్న కైలాసం ఇక్కడ బాగానే ఉన్నాడు. కాలూ చెయ్యీ ఆడుతున్నాయి, వేళకు ఆకలి అవుతోంది. కదలనిది లారీ ఒక్కటే.

రెండు గురువారాలుగా మీ పిప్పల్‌ధాబా వారపు అంగడికి బండి రాలేదని నువ్వు నా మీద పళ్లు నూరుతూ ఉంటావని తెలుసు. పిల్లలకని కొన్న పేలాల ఉండలు సీటు వెనకే మెత్తబడిపోయాయి. చివరికి నేనూ, నా తోటి డ్రైవరు హనుమండ్లూ తినేశాం. తప్పు నాది కాదు. మొన్న నవంబరులో మీ రాజూరా తాలూకాను బొంబాయి రాష్ట్రంలో కలిపి, మమ్మల్ని ఆంధ్రప్రదేశ్‌లో ఉంచారు కదా. డిసెంబరు ఆఖరుదాకా పాత పర్మిటుతోనే పోనిచ్చారు. ఈ నెల మూడున పోతే వాంకిడి దాటాక రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు కట్టి ఉంది. పక్కన గుడిసె, గుడిసెలో బల్ల, బల్ల వెనక ఒక మనిషి.

సగం మరాఠీ, సగం తెలుగు కలిపి అన్నాడు. "గీ కాయితం అటుపక్కది. ఇటుపక్క మొహరు పాయిజే."

"ఎనిమిదేండ్ల సంది గీ తొవ్వల్నే పత్తి తోలుతున్న సార్" అన్నాను.

"తొవ్వ గదే. రాష్ట్రం మారింది" అన్నాడు. పాపం మంచివాడే, చాయ్ కూడా పోయించాడు. పోనివ్వలేదు.

మా పత్తి మిల్లు సేటు చెప్పేదేమంటే, ఇక నుంచి లారీకి మీ పక్క ఆఫీసు ముద్ర, అదే ఆ మొహరు, వేరే కావాలి. నడిపేవాడికి ఇంకో కాగితం కావాలి. వాడు ఎక్కడివాడు, ఎక్కడ ఉంటాడు, అన్నీ ప్రమాణం చేసి రాయాలి. నెలలో అయిపోతుందంటున్నాడు. అందాకా నన్ను కరీంనగర్ తొవ్వకు వేశాడు. ఒక రోజు సెలవు అడిగితే ఆముదం తాగినట్టు ముఖం పెట్టాడు.

బావకు, అత్తకు దండాలు చెప్పు. గంగడినీ చిన్నదాన్నీ నా పేరు చెప్పి ఒకసారి ఎత్తి దించు.

నీ అన్న
కైలాసం

---

పిప్పల్‌ధాబా,
27 జనవరి 1957

అన్నా,

పోస్టాయన నీ ఉత్తరం ఇస్తే ముందు భయమేసింది. నా పెళ్లయిన ఎనిమిదేళ్లలో నువ్వు నాకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. రాసే అవసరం ఏముంది, ప్రతి గురువారం మనిషివే వచ్చేవాడివి. ఆడపిల్లకు చదువెందుకని అందరూ నవ్వుతున్నా బాపు నాకూ నీతోపాటు పలక మీద దిద్దించాడు. ఆ అక్షరాలు ఇప్పుడు పనికొచ్చాయి.

నాకు ఈ లెక్క అర్థం కాలేదు. ఊరు కదలలేదు, మేము కదలలేదు, నువ్వూ కదలలేదు. మరి మన మధ్యకు ఆ బొంగు ఎట్లా వచ్చింది? బావను అడిగితే "పై నుంచి గీసిండ్రు" అంటాడు. పై నుంచి చూసినవాడికి నా ఇల్లూ నీ గదీ కనబడలేదా?

గంగడి బడిలో ఇప్పుడంతా మరాఠీయే. నిన్న ఇంటికొచ్చి నన్ను "ఆయీ" అన్నాడు. "అవ్వ అనురా" అంటే పకపకా నవ్వాడు. అత్త మంచిదే, బావ మంచివాడే, ఒక్క మాట అనరు. మేనమామ ఇంటికే కోడలిగా వచ్చాను కాబట్టి పరాయి ఇల్లని కూడా అనలేను. అయినా చెపుతున్నా, అవ్వాబాపు పోయాక గురువారం ఒక్కటే నాకు పుట్టిల్లు. నువ్వు బండి ఆపి, బస్తాలు ఎక్కేలోపల నా చేతి జొన్నరొట్టె తిని, "ఉప్పెక్కువైంది" అని వంక పెట్టి పోయేవాడివి. అంతే కదా, అదే నాకు చాలు.

వదిన పోయి రెండేళ్లయింది. ఆ మిల్లు పక్క గదిలో ఒక్కడివే ఎందుకు? ఇక్కడికి వచ్చేయరాదూ? ఈ పక్క కూడా లారీలున్నాయి.

చెల్లె
బాలలక్ష్మి

---

ఆసిఫాబాద్,
17 ఫిబ్రవరి 1957

చెల్లెకు,

రొట్టెలో ఉప్పు నిజంగానే ఎక్కువ. ఉత్తరంలో కూడా అదే మాట.

కాగితం పెట్టాను. గుమాస్తా ముందు ఏవో అడ్డాలు చెప్పాడు, తర్వాత ఆయనే దారి చూపించాడు. ఏం రాశానో కలిసినప్పుడు చెపుతాను, అదంతా ఉత్తరంలో ఎందుకు? హనుమండ్లు నా పక్కనే ఉన్నాడు. వాడు లేకపోతే ఆ ఆఫీసు మెట్లు నేను ఎక్కేవాణ్ని కాదు. స్టీరింగు పడితే నాకు భయం లేదు, పెన్ను పడితే చెమటలు పడతాయి. వాడి పెండ్లాం కొమురవ్వ వదిన, నేను వద్దంటున్నా రోజూ గంజో గటకో పంపుతూనే ఉంది. కాబట్టి ఒక్కడినే అని ఫికర్ పెట్టుకోకు.

వచ్చేయమని రాశావు. బండి ఇక్కడ, సేటు ఇక్కడ, మీ వదినను కాల్చిన చోటు ఇక్కడ. ఎట్లా వస్తాను? ఆ బొంగు లేవనీ. మళ్లీ గురువారం గురువారం నీ నెత్తి మీదే ఉంటాను.

కైలాసం

---

పిప్పల్‌ధాబా,
20 మార్చి 1957

అన్నా,

నీ కోసం ఒక పని చేశాను. ఏమిటని అడగొద్దు, చెప్పను. అయ్యాక నువ్వే ఎగిరి గంతేస్తావు. బావ నసిగాడు, అత్త "మగోళ్ల ముచ్చట్ల నువ్వెందుకు పోతవే" అంది. బావను ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అయినా పట్టినపట్టు వదల్లేదు.

ఈసారి పత్తి చివరి ఏరుడు అయిపోయింది. మీ సేటు లారీ రాక ఊళ్లో పత్తి అంతా బండ్ల మీద రాజూరా పోయింది. చిన్నదానికి ముందు పళ్లు రెండు ఊడాయి. ఎవరు అడిగినా "మామ వస్తే చూపిస్త" అంటోంది, ఊడిన పళ్లు దాచి పెట్టుకుంది.

చెల్లె
బాలలక్ష్మి

---

ఆసిఫాబాద్,
9 ఏప్రిల్ 1957

ఓ గడుసు చెల్లెకు,

నువ్వు చెప్పకపోతే నాకు తెలియదా? ఎవరా పిల్ల? ఏ ఊరు? నీ అన్నకు ముప్పై నాలుగేళ్లు, నెత్తి మీద వెంట్రుకలు సగమే ఉన్నాయని చెప్పే ఒప్పించావా, లేక బావను పెట్టినట్టే ఆ పిల్లనూ పోరు పెట్టి ఒప్పించావా? హనుమండ్లుకు నీ ఉత్తరం చదివి వినిపిస్తే పొట్ట పట్టుకుని నవ్వాడు. "లగ్గానికి లారీ నేనే తోల్త" అంటున్నాడు. ముందు నా కాగితం రానీ తల్లీ, తర్వాత పిల్లను చూద్దాం.

లారీకి మొహరు పడింది. మిగిలింది నాది ఒక్కటే. మే నెలలో పిలుస్తామన్నారు. గంగడికి రబ్బరు బంతి కొని పెట్టాను.

కైలాసం

---

ఆసిఫాబాద్,
19 మే 1957

చెల్లె,

నా లైసెన్సు పోయింది.

మొన్న ఆఫీసుకు పిలిచారు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని పోయాను. నా పేర బల్ల మీద రెండు కాగితాలున్నాయి. మొదటిది నేను రాసిందే. అందులో ఏముందో నీకు అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెపుతున్నా. నేను పుట్టింది మీ పిప్పల్‌ధాబాలో. తొలి కాన్పు తల్లిగారింట్లో జరగాలని అవ్వను అక్కడికి పంపారు, నేను అక్కడ పడ్డాను. మూడో నెలలో ఊయల తొట్టెలతో సహా ఆసిఫాబాద్ తెచ్చారు. గుమాస్తా ఈ మాట విని "గిప్పుడు గది రాస్తె ఆర్నెల్లు తిప్పుతరు. పుట్టింది పెరిగింది గీడనే అని రాయి" అన్నాడు. స్టాంపు కాగితం మీద అట్లాగే రాసి ప్రమాణం చేశాను.

రెండోది మీ ఊరి పట్వారీ రాసి, మీ పక్క ఆఫీసు ద్వారా పంపింది. ఆఫీసరు దాన్ని నా చేతికి ఇవ్వలేదు, తనే చదివి వినిపించాడు. కైలాసం అనేవాడు పిప్పల్‌ధాబాలోనే పుట్టాడు, అక్కడే ఉంటున్నాడు అని ఉందట. "నువ్వు ఒక్కనివేనా, ఇద్దరా?" అని అడిగాడు. ప్రమాణం చేసి అబద్ధం రాశానని లైసెన్సు లాక్కున్నారు. బండి హనుమండ్లుకు ఇచ్చారు, వాడి కాగితం ముందే వచ్చింది. రేపటి నుంచి మీ తొవ్వకు వాడే వస్తాడు.

పై ఆఫీసరుకు ఒకసారి మొరపెట్టుకోవచ్చు, జూన్ ఇరవై నాలుగున. నేను ఎప్పుడూ ఆసిఫాబాద్‌లోనే ఉన్నానని, మోసం ఉద్దేశం లేదని, నన్ను ఎరిగిన పాత డ్రైవరు ఒకడు ఎదురుగా నిలబడి చెప్పాలట. నేను వస్తానని హనుమండ్లు తనే అన్నాడు.

చెల్లె, నాకు వాడి మీదే అనుమానంగా ఉంది. నేను అక్కడ పుట్టిన సంగతి, ఆ గుమాస్తాను వదిలేస్తే, ఇక్కడ వాడికి తప్ప ఎవడికీ తెలియదు. నేను కాగితం రాస్తుంటే పక్కన ఉన్నదీ వాడే. నా బండి ఎక్కిందీ వాడే. ఇరవై ఏళ్ల స్నేహం, ఒకే పళ్లెంలో తిన్నాం. నమ్మలేకపోతున్నా, నమ్మకుండానూ ఉండలేకపోతున్నా. బావను అడిగి నిజం రాయి. హనుమండ్లు మీ పట్వారీ దగ్గరికి ఎప్పుడైనా వచ్చాడా?

కైలాసం

---

పిప్పల్‌ధాబా,
10 జూన్ 1957

అన్నా,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది. మామిడికాయ తొక్కు పెట్టే రోజులు, చేతులు ఖాళీ లేవు. అత్తకు మోకాళ్ల నొప్పులు, లేస్తే కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. వాన ఇంకా పడలేదు. బావ రోజూ ఆకాశం చూసి గొణుక్కుంటున్నాడు.

హనుమండ్లు వచ్చాడా అని అడిగావు. వచ్చాడు. మొన్న గురువారం పత్తి గింజల బస్తాలు దింపి, పట్వారీ అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. ఏవో కాగితాలు రాసుకున్నారు.

నువ్వు తొందరపడకు. లైసెన్సు పోతే ప్రాణం పోయినట్టు కాదు. దేవుడు ఇంకో తొవ్వ చూపిస్తాడు. ఇక్కడికి వచ్చినా నీకు ఇంత ముద్ద పెట్టలేమా?

చెల్లె
బాలలక్ష్మి

---

ఆసిఫాబాద్,
26 జూన్ 1957

చెల్లె,

నువ్వు రాసింది చదివాక నా కళ్లకు ఇంకేమీ కనిపించలేదు.

ఇరవయ్యో తారీఖు పొద్దున మిల్లు గేటు దగ్గర వాణ్ని పట్టుకున్నాను. హమాలీలంతా చూస్తున్నారు. "మా చెల్లె ఊరికి పోయి పట్వారీతోని ఏం రాయించినవ్ రా?" అని అడిగాను. వాడు తల దించుకున్నాడు, కాదని అనలేదు. "తర్వాత చెప్త, ఇంటికి నడువు" అన్నాడు. తల దించుకుంటే ఒప్పుకున్నట్టే కదా! చెంప మీద కొట్టాను. పడ్డాడు. పడ్డవాణ్ని లేపి మళ్లీ కొట్టాను. చెవిలోంచి నెత్తురు వచ్చింది. "కైలాసం, ఏమైందే నీకు?" అని ఒక్కటే మాట అన్నాడు. తిరిగి చెయ్యెత్తలేదు.

ఇరవై నాలుగున ఆఫీసులో నేను ఒక్కడినే నిలబడ్డాను. "నిన్ను ఎరిగినోడు ఏడి?" అన్నారు. ఎవడూ లేడన్నాను. నా అర్జీ కొట్టేశారు. ఇంక ఎక్కడా మొర లేదు.

కొమురవ్వ వదిన అన్నం పంపడం మానేసింది. వాడికి తగిన శాస్తి అయిందని రోజూ అనుకుంటున్నాను. అనుకుంటే మనసు చల్లబడాలి కదా, ఎందుకో చల్లబడటం లేదు.

కైలాసం

---

పిప్పల్‌ధాబా,
14 జూలై 1957

అన్నా,

ఇది నాలుగో కాగితం. మూడు రాసి పొయ్యిలో వేశాను.

పట్వారీతో రాయించింది నేను. హనుమండ్లు కాదు.

కొత్త పట్వారీ బావతో అన్నాడట, "మీ బామ్మర్ది గీ ఊర్ల పుట్టినోడే కద, గీడోడే అని రాస్తె గీ పక్క లారీకే డ్రైవర్ పని దొరుకుతది" అని. మార్చిలో నీకు చెప్పకుండా చేశానన్న పని అదే. నువ్వు పిల్ల అనుకుని నవ్వావు, నేనూ నవ్వి ఊరుకున్నాను. నువ్వు స్టాంపు కాగితం మీద ఏం రాశావో నాకు తెలియదు అన్నా. తెలిస్తే నా చెయ్యి నరుక్కునేదాన్ని. అయినా పూర్తి నిజం చెప్పాలి. నువ్వు ఇక్కడ ఉండటం లేదని నాకు తెలుసు, తెలిసే ఉంటున్నావని రాయించాను. నిన్ను ఈ పక్క మనిషిని చేస్తే ఈ పక్కకే వచ్చేస్తావని ఆశ. నీ మేలు అని బావకు చెప్పాను. నా స్వార్థం.

ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. హనుమండ్లు వచ్చిన రోజు సాయంత్రమే పట్వారీ మా ఇంటికొచ్చి చెప్పాడు. వాడు అరుగు మీద కూర్చుని బతిమాలి, కైలాసం పుట్టింది మాత్రమే ఇక్కడ, ఉండేది ఆసిఫాబాద్ అని సరిచేసిన కాగితం రాయించుకుని పోయాడట. మొదటిది రాయించింది నేనని కూడా వాడికి పట్వారీ చెప్పేశాడు. అదంతా తెలిసే నేను నీకు వాడు వచ్చాడని, కాగితాలు రాసుకున్నారని మాత్రం రాశాను. అసలు సంగతి రాస్తే నా పేరు రాయాల్సి వస్తుందని భయపడ్డాను. వాడే చెపుతాడులే, వాడి నోటితో వింటే నీకు కోపం తక్కువ వస్తుంది అనుకున్నాను. కొడతావనుకోలేదు అన్నా. నువ్వు ఎప్పుడూ ఎవరినీ కొట్టలేదు.

నన్ను తిట్టు. వచ్చి కొట్టు. కానీ రాయకుండా ఉండకు.

బాలలక్ష్మి

---

ఆసిఫాబాద్,
3 నవంబర్ 1957

చెల్లె బాలలక్ష్మికి,

నాలుగు నెలలు జవాబు రాయలేదు. నువ్వు రాసిన అయిదు ఉత్తరాలూ అందాయి.

జూలైలో నీ ఉత్తరం చదివిన రోజే హనుమండ్లు ఇంటికి పోయాను. కొమురవ్వ వదిన తలుపు తీసి, చెంబుతో నీళ్లు పెట్టి లోపలికి పోయింది. వాడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను పిలిస్తే పలకలేదు. కోపమనుకున్నాను. కుడిపక్కకు వచ్చి పిలిస్తే తల తిప్పాడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. లోపలి పొర చినిగిందని డాక్టరు చెప్పాడట. సెప్టెంబరులో లైసెన్సు మళ్లీ రాయించుకోవడానికి పోతే, వెనక బండి హారను వినబడనివాడికి లారీ ఇవ్వలేమని వాడినీ పక్కన పెట్టారు. ఇద్దరు పిల్లలు వాడికి.

వాడు సరిచేయించి తెచ్చిన కాగితం చూశాను. మొర రోజు ఆఫీసరు ముందు పెడదామని దాచాడట, నేను కొట్టిన రోజు వాడి జేబులోనే ఉంది. దాని మీద నెత్తురు మరక ఉంది.

"మరి గేటు కాడ ఎందుకు చెప్పకపోతివిరా?" అని అడిగాను. గట్టిగా అరిచి అడగాల్సి వచ్చింది.

"గంతమందిల మీ చెల్లె పేరు తియ్యాల్నా? ఇంట్ల చెప్దామనుకున్న. లారీ పోతె ఇంకోటి దొరుకుతది. చెల్లె పోతె యాడ దొరుకుతది నీకు?" అన్నాడు.

ఆ రోజు వాడి కాళ్లు పట్టుకుని ఏడ్చాను. మన అవ్వ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. వాడు తిట్టి ఉంటే బాగుండేది. ఇప్పుడు ఇద్దరం మిల్లులో హమాలీ పని చేస్తున్నాం. బస్తా ఎత్తేటప్పుడు నేను వాడి కుడిపక్కనే నిలబడతాను. కొమురవ్వ వదిన ఇంకా నాతో మాట్లాడదు, కానీ మొన్న ఒక రొట్టె ఎక్కువ పంపింది.

ఇక నీ సంగతి. ఆ కాగితం రాయించినందుకు నాకు నీ మీద కోపం లేదు. అన్న దగ్గర ఉండాలనుకోవడం తప్పెట్లా అవుతుంది? నేను కూడా అబద్ధం రాసినవాణ్నే. నువ్వు ఏం చేశావో నాకు చెప్పలేదు, నేను ఏం రాశానో నీకు చెప్పలేదు. అక్కడిదాకా ఇద్దరం సమానమే. కానీ నేను హనుమండ్లు పేరు రాసి నిన్ను అడిగాక, నిజం నీ చేతిలో ఉంది చెల్లె. తొక్కు గురించి రాశావు, వాన గురించి రాశావు. ఇంకో రెండు వరసలు రాసి ఉంటే వాడి చెవి ఉండేది. నేను కొట్టింది నా చేత్తోనే, ఆ పాపం నాదే, నీ మీదకు తొయ్యను. అయినా నిద్ర పట్టనప్పుడు ఆ రెండు వరసలే అడుగుతుంటాను నిన్ను.

పోయిన నెల నుంచి ఇక్కడి నుంచి రాజూరాకు బస్సు పడింది. మీ ఊళ్లో ఆగుతుందట. బస్సులో కూర్చున్నవాణ్ని ఆ గుడిసె దగ్గర ఎవరూ ఏ కాగితమూ అడగరు. నువ్వు ఎక్కడ పుట్టావనీ అడగరు. మొన్న గురువారం సెలవు పెట్టి టికెట్ కొన్నాను. కిటికీ పక్క సీటు దొరికింది. డ్రైవరు బండి స్టార్టు చేశాడు. నీ ఇంటికి వచ్చి, నీ చేతి రొట్టె తిని, నవ్వగలనా అని చూసుకున్నాను. నవ్వలేననిపించింది. నవ్వకుండా నీ ఎదుట కూర్చుంటే నువ్వు బతకలేవు. దిగిపోయాను.

ఎప్పటికైనా వస్తానేమో. ఇప్పుడు మాత్రం చేతకావడం లేదు, నన్ను క్షమించు. గంగడి బంతి ఈ ఉత్తరంతో పార్సెలు చేస్తున్నాను. మామ ఏడి అని పిల్లలు అడిగితే, ఇంకా పర్మిటు రాలేదని చెప్పు.

నీ అన్న
కైలాసం